కింది గొంతు

తెలావి నుంచి ఛాలాగోరి పోయే దారిలో, ద్రాక్షతోటలు అయిపోయి అక్రోటు చెట్లు మొదలయ్యే మలుపు దగ్గర, వైను పులియబెట్టి నిలవచేసే ఒక పాత కొట్టు ఉంది. పొద్దు వాలాక అటు ఎవరూ పోరు. గొర్రెల కాపరులు కూడా మందను వాగు మీదుగా చుట్టు తిప్పి తోలుకుపోతారు. కుక్కలు ఆ గోడ దాకా వచ్చి, ఇంటి దగ్గర ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతాయి.

ముప్పై ఏళ్ళుగా దానికి తాళమే. కప్పు సగం కూలింది. లోపల నేలలో మెడల దాకా పాతిపెట్టిన మట్టిబానలు — మనిషి దిగితే తల కూడా కనపడనంత లోతువి — రాతిమూతల కింద ఖాళీగా పడి ఉన్నాయి.

అక్కడ పాట వినిపిస్తుందని కొందరంటారు. పాట కాదు, మూలుగని కొందరు. ఛాలాగోరి మంగలి మాత్రం తనకు తుమ్ము వినిపించిందని ఒట్టేసి చెబుతాడు. తుమ్మే దెయ్యాన్ని గురించి ఇంకెక్కడా వినలేదు గనక ఆ సంగతి పక్కన పెడదాం. పాడుబడ్డ కొట్టు గనక పాడుతోందని పిల్లల వేళాకోళం. అది పగటిపూట చేసే వేళాకోళం. సాయంత్రమైతే ఆ పిల్లలే తల్లుల కొంగులు పట్టుకుంటారు.

ఇక ఇప్పుడు చెప్పబోయేది ఎల్గుజా మాస్టారికి జరిగింది. చెప్పింది కూడా ఆయనే, ఒకసారి కాదు, గ్లాసు చేతిలో ఉన్న ప్రతిసారీ. ఇలాంటి కథలు చెప్పేవాళ్ళు ధైర్యం తమ వాటాకి ఉంచుకుని పిరికితనం పక్కవాడికి పంచుతారు. ఆయన పంపకం తిరగేసి చేశాడు. అందుకే నమ్మబుద్ధవుతుంది.

ఎల్గుజా ముప్పై ఆరేళ్ళు తెలావి బడిలో భూగోళం చెప్పాడు. నైలు నది ఎక్కడ వంపు తిరుగుతుందో కళ్ళు మూసుకుని గీసేవాడు. సొంత ఊళ్ళో మాత్రం రొట్టెల బట్టీకి పోయి, దారి తప్పి, వేరే వైపు నుంచి ఇంటికి వచ్చేవాడు. ఈ కాఖేతి సీమలో పుట్టి ద్రాక్షతోట లేని మనిషి, బాన కడగడం చూసెరగని మనిషి ఆయనొక్కడే అయి ఉంటాడు. వాళ్ళ నాన్న ట్రాక్టర్లు బాగుచేసేవాడు, వాళ్ళది రెండో అంతస్తు ఇల్లు. రెండో అంతస్తులో బాన ఎక్కడ పాతుతారు?

ఆయన కూతురు ఎతేరికి పడమటి సీమ ఇమెరెతి వాళ్ళ అబ్బాయితో పెళ్ళి కుదిరింది. ఆ వసంతంలో వియ్యంకులు మొదటిసారి వస్తే, పెద్దరోడ్డు నుంచి ఇంటికి తీసుకొచ్చే పని ఎల్గుజాకి అప్పగించారు. ఆయన పటం చూసి దగ్గరి దారి పట్టించాడు. పటంలో వాగు సన్నని నీలం గీత. నేల మీద అంత సన్నగా లేదు. వియ్యంకుడు బెసారియోన్ ఒక చెప్పు వాగులో పోగొట్టుకుని, ఒక కాలికి ఎల్గుజా ఇంటి చెప్పు వేసుకుని విందులో కూర్చున్నాడు. దాని గురించి ఒక్క మాట అనలేదు. ఇమెరెతి వాళ్ళు మాటకారులు. వాళ్ళు ఏమీ అనలేదంటే చాలా అనుకున్నట్టు లెక్క.

ఇప్పుడు పెళ్ళికి ముందు మళ్ళీ వస్తున్నారు, పన్నెండు మంది. ద్రాక్షకోతలు మొదలయ్యే ముందరి ఆదివారం ఒక్కరోజు తోటలూ ఊళ్ళూ తిప్పి చూపాలి. ఆయన భార్య లమారా ఆ పని తన తమ్ముడు జుంబెర్‌కి అప్పగించబోయింది. వ్యాను అతనిదే, దారులూ అతనికే తెలుసు. ఎల్గుజా ఒప్పుకోలేదు. ఈసారి ఏర్పాటంతా తనదేనన్నాడు.

లమారా పళ్ళెం తుడిచి గూట్లో పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"చూడండి, వాళ్ళ చేతుల్లో నేను పిల్లను పెడుతున్నాను. ఒక్క పూట మీ చేతుల్లో పెడితే వాళ్ళు క్షేమంగా ఇంటికి చేరతారని వాళ్ళకి నమ్మకం కలగాలి. అంతే నేనడిగేది. మీ వల్ల అవుతుందా?"

అవుతుందన్నాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మూడు వారాలు ప్లాను రాశాడు. గళ్ళ పుస్తకం, మూడు రంగుల పెన్సిళ్ళు. ఎనిమిదికి బయలుదేరడం. ఎనిమిది నలభైకి మఠం, పాతిక నిమిషాలు. ఒక ఊళ్ళో అక్రోటు పప్పులు దారానికి గుచ్చి ద్రాక్షరసంలో ముంచి మిఠాయి చేయడం చూపించడానికి ఇరవై. ఇంకో ఊళ్ళో వైను రుచి, ఇరవై. జుంబెర్ ఆ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, "బావా, ఇందులో ఊపిరి పీల్చడానికి ఎన్ని నిమిషాలు పెట్టావు?" అని అడిగాడు.

మూడూ ఇరవైకి ఎదురుగా ఎర్ర పెన్సిల్‌తో రాసి ఉంది: పాడుబడ్డ కొట్టు, పదిహేను నిమిషాలు, దెయ్యం కథ చెప్పవలెను.

దెయ్యాల మీద ఆయనకు నమ్మకం లేదు. దెయ్యం అంటే పటంలో ఎవరూ సరిగా గుర్తించని చోటు, అంతే, అని తరగతిలో చెప్పేవాడు. పిల్లలు రాసుకునేవారు కూడా.

వాగు సంగతి గుర్తుంది గనక, ఈసారి దారి ముందే నడిచి చూద్దామని గురువారం ఉదయం ఒక్కడే బయలుదేరాడు. చేతిలో పుస్తకం, మణికట్టుకి గడియారం, జేబులో ఉడికించిన గుడ్లు రెండు.

మొదటి ఊళ్ళోనే ప్లాను మునిగింది. పెళ్ళివారిని ఆదివారం తీసుకొస్తాను, ఇరవై నిమిషాలు చాలు అని ఆ ఇంటివాళ్ళకి చెప్పడానికి గుమ్మంలో నిలబడ్డాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని కూర్చోబెట్టకుండా పంపే ఇల్లు మా వైపు ఇంకా కట్టలేదు. రొట్టె వచ్చింది, జున్ను వచ్చింది, ఎండు ద్రాక్షకొమ్మలు రాజేసి మాంసం ఎక్కించారు. వైను పోశారు. దేవుడికి ఒక గ్లాసు, శాంతికి ఒక గ్లాసు, చనిపోయినవాళ్ళకి, పుట్టబోయేవాళ్ళకి, ఎతేరికి, ఎతేరి అత్తగారికి... ఇరవై నిమిషాలు చాలని చెప్పడానికి రెండు గంటలు పట్టింది. రెండో ఊళ్ళోనూ అంతే. మూడో ఊళ్ళో పక్కింటివాళ్ళు కూడా వచ్చి చేరారు.

మూడూ ఇరవైకి చేరాల్సిన చోటికి ఎల్గుజా చేరేసరికి ఏడు దాటింది.

కొండల మీద వెలుగు పోయింది. లోయలో అలజని నది మీద నుంచి పొగమంచు లేచి తోటల్లోకి పాకుతోంది. ద్రాక్షవరసలు ఒకదాని వెనక ఒకటి మునిగిపోతున్నాయి. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

అక్రోటు చెట్టు దగ్గర ఆగి, పుస్తకం తీసి, "చేరిక: ఏడూ మూడు" అని రాసుకున్నాడు.

అప్పుడు వినిపించింది.

ముందు గాలి అనుకున్నాడు. గాలి లేదని అప్పుడే కదా అనుకున్నది. తర్వాత తేనెటీగ అనుకున్నాడు. ఈ వేళకి తేనెటీగలు పడుకుంటాయి. మూడోసారి అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

పాట.

కొట్టు తలుపుకి ముప్పై ఏళ్ళుగా ఉన్న తాళం... లేదు. తలుపు బారెడు తెరిచి ఉంది. లోపల ఓ మూల చిన్న లాంతరు. మనిషి లేడు. గోడ దగ్గర లేడు, తలుపు వెనక లేడు, ఎక్కడా లేడు. పాట మాత్రం వస్తోంది — నేల లోపల నుంచి.

'తీగా తీగా, ఎవరింటి వైపు పాకుతున్నావే...'

మగగొంతు. బోలుగా, తడిగా, చుట్టూ మట్టి కప్పుకున్నట్టు. మాటకీ మాటకీ మధ్య గోడ గీకుతున్న చప్పుడు. గర్... గర్... బయటికి రావడానికి గోళ్ళతో గీకుతున్నట్టు.

పరుగెత్తాలి. ఆ సంగతి ఎల్గుజాకి తెలుసు. కాళ్ళకి తెలియలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది పిచ్చితనంలా ఉంటుంది. మా పాటలు మూడు గొంతుల పాటలు. పై గొంతు, నడిమి గొంతు, కింది గొంతు. ఒక్క గొంతే పాడుతుంటే అది మా చెవికి మూడు కాళ్ళ పీటకి రెండు కాళ్ళు ఊడినట్టు ఉంటుంది. రైల్లో అపరిచితుడు కూనిరాగం తీసినా ఎదురు బల్ల మీదివాడు నిద్రలోనే కింది గొంతు అందుకుంటాడు. ఎల్గుజా ఇరవై రెండేళ్ళు బడి పాటల బృందంలో వెనక వరసలో కింది గొంతు పాడాడు. వెనక వరస ఎందుకంటే, అంతకంటే వెనక వరస లేదు గనక.

భయంతో గొంతు ఎండిపోయింది. ఎండిన గొంతే అందుకుంది.

"ఓ... ఓ..."

పాడుతున్నది తనేనని ఆయనకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

నేల కింద పాట ఒక్క క్షణం ఆగింది.

మళ్ళీ మొదలైంది — ఇంకా గట్టిగా, ఇంకా హుషారుగా. గీకుడు కూడా జోరందుకుంది. పై గొంతు నేల కింద, కింది గొంతు నేల మీద. మొదటి చరణం అయింది. రెండో చరణం అయింది. ఆపితే ఏమవుతుందోనని ఎల్గుజా ఆపలేదు. మీసాల వెంట చెమట కారుతోంది. ప్లానులో ఈ చోటికి పదిహేను నిమిషాలు ఇచ్చానే, అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది.

మూడో చరణం మధ్యలో పాట ఆగింది. నేల లోపల నుంచి ఆ గొంతు మామూలుగా, చాలా దగ్గరగా అంది...

"శ్రుతి తగ్గింది. కొంచెం పైకి పట్టు."

ఇక కాళ్ళకి కూడా తెలిసింది.

ఎటు పరుగెత్తాడో ఆయన చెప్పలేడు. ద్రాక్షవరసల మధ్య పడ్డాడు, లేచాడు, తీగలు మొహాన కొట్టాయి. పుస్తకం ఎక్కడో జారిపోయింది. చచ్చినవాళ్ళు లేచి వస్తారని విన్నాను గానీ తప్పులు దిద్దుతారని ఎవరూ చెప్పలేదే అనుకుంటూ పరుగెత్తాడు. ఆ పరుగులోనే గడియారం కూడా చూసుకున్నాడు. ఏడూ పన్నెండు. ముప్పై ఆరేళ్ళు గంట కొట్టగానే గడియారం చూసిన మనిషి. అలవాటు చావదు.

కింద ఊటబావి మలుపులో ఎవరినో గుద్దుకున్నాడు. నీళ్ళు ఒలికాయి. రెండు చేతుల్లో రెండు డబ్బాలతో ఒక ముసలావిడ.

ఆవిడ పేరు దారో. ఛాలాగోరి ఆడపడుచే. మొగుడు సికోతో పాతికేళ్ళ పైగా రుస్తావి పట్నంలో ఉండి, అక్కడి ఫ్యాక్టరీ మూతపడితే ఈ మధ్యే తిరిగొచ్చింది. ఎల్గుజాకి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసిన మొహం చూసేసరికి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

"మాస్టారా? ఏమిటా రొప్పడం?"

"అక్కా... అటు పోకు. కొట్టులో... నేల కింద... పాడుతున్నారు."

"పాడక ఏం చేస్తాడు? మా ఆయన బాన కడుగుతున్నాడు."

ఆ కొట్టు ముప్పై ఏళ్ళ కింద చనిపోయిన సికో తండ్రిది. ఈ ఏడు మళ్ళీ తెరిచి కోతల నాటికి బానలు సిద్ధం చేద్దామని సోమవారం నుంచి మొగుడూ పెళ్ళాలు అక్కడే ఉన్నారు. ఊరంతా ఆ దారి మానుకుంది గనక ఎవరికీ తెలియలేదు. బానలోకి నిచ్చెన వేసుకుని దిగి, సున్నపునీళ్ళు పూసి చెర్రీ బెరడు కుంచెతో లోపలి గోడలు గీకుతాడు సికో. ఆ గర్ గర్ అదే.

ఎల్గుజా రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. తన మీద తనకే నవ్వొచ్చింది. నవ్వుతూనే జరిగిందంతా చెప్పబోయాడు. దారో నవ్వలేదు. డబ్బా కింద పెట్టింది.

"నేను వచ్చాక కూడా పాడుతున్నాడా? వచ్చేటప్పుడు పైకి వచ్చేయమని చెప్పి వచ్చానే."

బాన అడుగున చెడుగాలి చేరుతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. లోపలి మనిషికి కాస్త నిద్రమత్తుగా ఉంటుంది, కూర్చుంటాడు, ఇక లేవడు. అందుకే దిగినవాడు పాడుతూనే ఉండాలి. పైన ఒకరు నిలబడి కింది గొంతు కలుపుతూనే ఉండాలి. లోపలి పాట ఆగితే పైవాడు లాగేస్తాడు. పై నుంచి కింది గొంతు వినపడకపోతే లోపలివాడు వెంటనే ఎక్కి వచ్చేస్తాడు. తోటలున్న ఇళ్ళలో ఇది చెప్పి నేర్పేది కాదు, చూస్తూ పెరిగేది. రెండో అంతస్తులో పెరిగితే తెలియదు.

"కింది గొంతు లేందే ఆయన ఒక్క నిమిషం ఉండడు మాస్టారూ. ఎవరు పాడారు?"

ఎల్గుజా రాయి మీంచి లేచాడు.

"నేనే."

దారో ఆయన వంక చూసింది.

"మీరైతే... ఇక్కడున్నారేం?"

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉందంటాడాయన. గట్టిగా కూడా అనలేదట. అడిగింది, అంతే.

డబ్బాలు అక్కడే వదిలి ఇద్దరూ పైకి పరుగు తీశారు. దిగేటప్పుడు రెక్కలొచ్చిన కాళ్ళు ఎక్కేటప్పుడు సీసమయ్యాయి. పన్నెండు మందిని ఒక పూట క్షేమంగా తిప్పుతానన్న మనిషి, ఒక్క మనిషిని మూడు చరణాలు కాయలేకపోయాడు. తను పాడకుండా పారిపోయి ఉంటే సికో బయటికి వచ్చేసేవాడు. పాడి పారిపోయాడు. ఉన్నానని చెప్పి లేకుండా పోయాడు. అక్రోటు చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఏడూ ముప్పై ఒకటి.

పాట లేదు.

గీకుడు లేదు.

లాంతరు వెలుగుతోంది. బాన నోరు నల్లగా తెరుచుకుని ఉంది. దారో గుమ్మం పట్టుకుని లోపలికి తొంగిచూసింది.

బాన నోట్లోంచి ఒక చెయ్యి వచ్చింది. తెల్లగా. ఆ తర్వాత తెల్లటి తల. నిండా సున్నపు మడ్డి కారుతూ సికో నిచ్చెన ఎక్కి అంచు మీద కూర్చున్నాడు.

"ఏమిటలా చూస్తారు? అయిపోయింది. అడుగు దాకా కడిగాను."

దారో పరుగున పోయి అతని చెయ్యి పట్టుకుంది. నన్నిలా చంపుతావా, పైకి రమ్మన్నాను కదా అని తిట్టింది. సికో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎందుకు రావాలి? నువ్వు అటు వెళ్ళగానే పైన ఒకరు అందుకున్నారు. కింది గొంతు చివరి చరణం దాకా ఆగలేదు కదా."

లాంతరు వత్తి చిటపటమంది.

"చివరి చరణం దాకానా?" అంది దారో.

"ఆఖరు మాట దాకా. పాట రెండు చుట్లు పాడాం. మీరేనా మాస్టారూ?"

తను అక్కడ లేనిది పందొమ్మిది నిమిషాలు. ఎల్గుజాకి ఆ లెక్క కచ్చితంగా తెలుసు. నోరు తెరిచాడు. దారో ఆయన మోచేతిని గిల్లింది.

"ఆయనే" అంది. "ఇంకెవరుంటారు?"

సికో కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తల ఊపాడు.

తర్వాత దారో చెట్టు కిందికి లాక్కెళ్ళి గుసగుసగా చెప్పింది. ఇంకా నాలుగు బానలు కడగాలి, పైన పాడింది మీరు కాదని తెలిస్తే ఆయన మళ్ళీ దిగడు, ఎవరికీ చెప్పకండి. చెప్పి మూడుసార్లు శిలువ గీసుకుంది. ఎల్గుజా ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం ఎంత తేలికైందో తనకే సిగ్గేసిందట. పారిపోయినవాడికి నోరు మూసుకోమని ఒకరు బతిమాలడం కంటే ఏం కావాలి.

ఆదివారం వచ్చింది.

ఎనిమిదికి బయలుదేరాల్సింది తొమ్మిదింబావుకి బయలుదేరారు. బెసారియోన్ తాళ్ళున్న బూట్లు వేసుకొచ్చాడు, తాళ్ళు గట్టిగా రెండు ముళ్ళు. వ్యానులో ముందు సీట్లో కూర్చుని దారి వంకే చూశాడు. మొదటి ఊళ్ళో గంటన్నర. రెండో ఊళ్ళో ఇంకా ఎక్కువ. జుంబెర్ అద్దంలోంచి బావను చూసి మీసం కింద నవ్వుకున్నాడు. పాడుబడ్డ కొట్టుకి చేరేసరికి ఆరు. ఆగకుండా పోదామని ఎల్గుజా అన్నాడు గానీ, అప్పటికే దారో రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపుతోంది. చెట్టు కింద బల్ల వేసి ఉంది.

అందరూ కూర్చున్నాక సికో లేచి, గురువారం సంగతి వియ్యంకులకి చెప్పాడు. ఊరంతా భయపడే చోట, చీకట్లో, ఎవరో ఏమిటో తెలియకుండానే మాస్టారు నిలబడ్డాడనీ, చివరి దాకా కింది గొంతు వదల్లేదనీ.

బెసారియోన్ మొదటిసారి ఎల్గుజా వంక తిన్నగా చూశాడు. ఎతేరి నవ్వింది. లమారా...

లమారా తనను చూసిన చూపు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన వేళాకోళం ఆపేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చూసిందట అలా. ఎందుకు చూసిందో అప్పుడూ తెలియలేదట.

ఆ రోజు ఎవరి పేరు మీద గ్లాసు ఎత్తాలో చెప్పే బల్ల పెద్ద బెసారియోనే. గ్లాసు ఎత్తి లేచాడు.

"నిలబడిన మనిషికి" అన్నాడు.

మా బల్ల దగ్గర ఒక పద్ధతి. ఎవరి పేరు మీద గ్లాసు ఎత్తారో వాళ్ళు లేచి, జవాబు చెప్పి, ఆ గ్లాసు ఖాళీ చెయ్యాలి. గ్లాసు చేతిలో పెట్టుకుని అబద్ధం ఆడకూడదు. గ్లాసు లేకుండా ఎంతైనా ఆడవచ్చు, దానికి ఎవరూ ఏమీ అనుకోరు. పదిహేడు జతల కళ్ళు ఎల్గుజా మీద. దారో తల అడ్డంగా ఊపుతోంది.

ఎల్గుజా లేచాడు. గ్లాసు ఎత్తాడు. గ్లాసు పక్కకి ఒరిగి వైను మణికట్టు మీదికి ఒలికింది. దించేశాడు.

"ఇది నాది కాదు బావగారూ. నేను పారిపోయాను."

ఆయనే చెప్పాడు — మూడో చరణంలో పరుగు తీసిన సంగతి, తీగల్లో పడిన సంగతి, ఊటబావి దగ్గర దారో అడిగిన మాట. చెబుతూ లమారా వైపు చూడలేదు. "మీరు నమ్మి వచ్చారు. నేను అలాంటి మనిషిని. వ్యాను జుంబెర్ నడుపుతాడు, మీరు క్షేమంగానే చేరతారు" అని ముగించాడు.

సికో రొట్టె తుంచుకుంటున్నాడు.

"నాకు తెలుసు మాస్టారూ" అన్నాడు.

దారో చేతిలో పళ్ళెం బల్ల మీద పడింది.

"మీరు మూడో చరణంలోనే పోయారు. పోక ముందు కూడా శ్రుతిలో లేరు. పైకి ఎక్కబోయాను. రెండు మెట్లు ఎక్కాను. నాలుగో చరణం పైనుంచి ఎవరో అందుకున్నారు, సరిగ్గా శ్రుతిలో." రొట్టె ముక్క నోట్లో పెట్టుకోకుండా పట్టుకున్నాడు. "చిన్నప్పుడు నేను దిగితే పైన పాడింది మా నాన్నే. ఆయన గొంతు నాకు తెలియదా? దారో భయపడుతుందని, తెలియనట్టు 'మీరేనా' అని అడిగాను."

"నువ్వు భయపడతావని కదా నేను 'ఆయనే' అన్నాను, మాస్టారని" అంది దారో.

బెసారియోన్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఎత్తిన గ్లాసు దించడానికి లేదు. మెల్లగా ఒక రొట్టె ముక్క తీసుకుని, చనిపోయినవాళ్ళకి చేసినట్టు, దాని మీద నాలుగు చుక్కలు ఒంపాడు. మిగతాది తాగాడు. తర్వాత ఎల్గుజా భుజం మీద చెయ్యి వేశాడు.

"బావగారూ, పారిపోయినవాళ్ళతో నేను చాలామందితో తాగాను. పారిపోయానని చెప్పినవాడితో తాగడం ఇదే మొదలు. దారి తప్పితే తప్పానని చెబుతావు. నాకది చాలు. ఇంటి దాకా మమ్మల్ని నువ్వే తీసుకెళ్ళు."

లమారా ఆయన మణికట్టు మీద ఒలికిన వైను తన చేతిరుమాలుతో తుడిచింది.

చీకటి పడే వేళకి అందరూ రోడ్డు మీదికి దిగారు. ఆ కొట్టు దగ్గర ఇంకాసేపు ఉందామని ఎవరూ అనలేదు. సికో, దారో వ్యాను దాకా వచ్చారు. అప్పగించిన పని గనక ఎల్గుజా తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టాడు. చుట్టాలు పన్నెండు. తను, లమారా, ఎతేరి, జుంబెర్. బయట సికో, దారో. మొత్తం పద్దెనిమిది. ఒక్కరూ తక్కువ లేరు. కొండ మీద కొట్టులో ఎవరూ లేరు.

సాగనంపుతూ సికో పాట ఎత్తాడు. తీగా తీగా... పొద్దుటి నుంచీ తాగిన వైను, ఎక్కిన దిగులు, అందరూ వింటూ ఊరుకున్నారు. ఎవరూ గొంతు కలపలేదు.

కింది గొంతు కలిసింది.

నెమ్మదిగా, నిండుగా, ఒక్క వెంట్రుక తేడా లేని శ్రుతిలో... పై నుంచి, అక్రోటు చెట్టు వైపు నుంచి, మంచులోంచి.

వ్యానులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎల్గుజా ఒక్కొక్కరి నోరూ చూసుకుంటూ వచ్చాడు. బెసారియోన్ పెదాలు బిగించి ఉన్నాడు. జుంబెర్ చేతులు స్టీరింగ్ మీద, నోరు మూసి. లమారా, ఎతేరి, వెనక సీట్ల వాళ్ళు... పదిహేడు నోళ్ళు. పాడుతున్నది సికో ఒక్కడే. అతనిది పై గొంతు.

ఆఖరికి, ఇరవై రెండేళ్ళ వెనక వరస అలవాటు గనక ఎందుకైనా మంచిదని, ఎల్గుజా తన నోటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

మూసే ఉంది.